బొమ్మ నెత్తిన అద్దె బరువు పెట్టకుండా

బొమ్మలు అమ్ముడుపోతేనే చిత్రకారుడు బతుకుతాడని అందరూ అనుకుంటారు. నేను అందుకు ఎదురు లెక్కతో మొదలుపెట్టాను. ఏడాది పొడుగునా నా కాన్వాసు ఒక్కటీ అమ్ముడుపోకపోయినా అద్దె కట్టగలగాలి, కడుపునిండా తినగలగాలి, రంగులు కొనుక్కోగలగాలి. మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ పూర్తయిన నాటి నుంచి డబ్బు విషయంలో నేను తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ లెక్క చుట్టూనే తిరిగాయి.

దీనికి కారణం డబ్బు మీద భయం కాదు, బొమ్మ మీద ప్రేమ. పదో తారీకులోపు అమ్ముడుపోవాల్సిన బొమ్మ వేస్తుంటే, పోయినసారి కొనేవాళ్లకు నచ్చిన రంగుల వైపే చెయ్యి తెలియకుండా పోతుంది. మంచి గీత ఉన్న నా తోటివాళ్లు కొందరు అలా వేసి వేసి విసిగిపోయారు. చివరికి కుంచె పక్కన పెట్టేశారు. కొత్త బొమ్మ వేసేటప్పుడు తప్పిపోయే స్వేచ్ఛ ఉండాలి. ఆ స్వేచ్ఛకు నెలకు ఎంత ఖర్చవుతుందో ముందు తెలుసుకోవాలి.

నాకు 17 వేలు. విజయనగర్ కాలనీలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఇల్లు తీసుకున్నాం. నా వంతు అద్దె, తిండి, బస్సు పాసు, ఫోను కలిపి 13 వేలు, రంగులకూ కాగితానికీ 4 వేలు. అప్పుడే ఒక ప్రకటనల కంపెనీలో 28 వేల ఉద్యోగం వచ్చింది. వారంలో మూడు రోజులు ఒక బడిలో డ్రాయింగ్ చెబితే 12 వేలు ఇస్తామన్నారు. నేను బడినే ఎంచుకున్నాను. ‘‘నెలనెలా జీతమొస్తుంటే వద్దంటావేమిటి?’’ అని నాన్న బాధపడ్డారు. కాగితం మీద లెక్క రాసి చూపించాను. తక్కువ పడే 5 వేలు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తే వస్తాయి, పైగా వారంలో మూడు రోజులు పూర్తిగా నావి. ఆ మూడు రోజుల కోసం 11 వేలు వదులుకోవడం నాకు చౌక బేరంగానే కనిపించింది. ఇంటి మీద అప్పేమీ లేదు కాబట్టే ఆ మాట అనగలిగానని కూడా చెప్పాలి.

మన పెద్దవాళ్లు నడిచిన దారి కూడా ఇదే. బాపు న్యాయశాస్త్రం చదివి ఆంధ్ర పత్రికలో కార్టూన్లు గీశారు. లక్ష్మాగౌడ్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. తోట వైకుంఠం ‘దాసి’ సినిమాకు కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు. వీళ్ల బొమ్మల్ని ఆ పనులు చిన్నబుచ్చాయని ఎవరూ అనలేరు. అయినా మన కాలేజీల్లో ఇప్పటికీ పక్క సంపాదనను ఓటమి కిందే లెక్కేస్తారు. ఈ ఆలోచన ఎంతమంది చేత బొమ్మలు మాన్పించిందో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

బ్యాంకులో రెండు ఖాతాలు తెరిచాను. బడి జీతం, పుస్తకాల డబ్బు ఇంటి ఖాతాకు వెళ్తాయి. కాన్వాసులు అమ్మగా వచ్చింది బొమ్మ ఖాతాకు. బొమ్మ ఖాతాలోంచి ఇంటికి రూపాయి తియ్యను. ఫ్రేములు, ప్రదర్శనల ప్రయాణాలు అన్నీ అందులోంచే. కాన్వాసుకు ధర చదరపు అంగుళాల లెక్కన కడతాను. 24 అంగుళాలకు 36 అంటే 864 చదరపు అంగుళాలు. అంగుళానికి 30 రూపాయలు వేసుకుంటే 25,920. గ్యాలరీ 40 శాతం కమీషన్ తీసుకుంటే చేతికొచ్చేది 15,552. ఫ్రేము, సామాను పోను 12 వేలు దాటదు. నెల రోజులు పట్టిన బొమ్మకు అది. ఈ లెక్క చూశాక అద్దె కోసం గ్యాలరీని నమ్ముకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఇంటికొచ్చి కొనేవాళ్లకు కూడా గ్యాలరీ ధరే చెబుతాను. నా దగ్గర తక్కువకు దొరుకుతుందని తెలిస్తే గ్యాలరీ మళ్లీ పిలవదు, ముందు కొన్నవాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు మిగిల్చింది మాత్రం హక్కుల సంగతి తెలుసుకోవడం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి బొమ్మ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ బొమ్మ కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే అవుతుంది. గీసిన చేతికి ఆ కాపీరైట్‌లో ఏమీ మిగలదు. డిగ్రీ చదివినన్నాళ్లూ ఈ ఒక్క ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. ఒక ప్రచురణకర్త పంపిన కాగితంలో ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అని ఉంటే, సంతకం చెయ్యకుండా మూడు మాటలు మార్చమని అడిగాను: కాపీరైట్ నాదే, ఈ తెలుగు పుస్తకానికి మాత్రమే అనుమతి, ఐదేళ్లు. పారితోషికం కొంచెం తగ్గించి ఒప్పుకున్నారు. తర్వాత అదే పుస్తకం కన్నడంలో వేద్దామనుకున్నప్పుడు మళ్లీ డబ్బిచ్చారు. కొత్తగా ఒక్క గీత గీయకుండా వచ్చిన సొమ్ము అది. అమ్మిన ప్రతి కాన్వాసుకూ బిల్లు, ఫొటో దాచడం కూడా అప్పటి నుంచే అలవాటైంది. బొమ్మ మళ్లీ 10 వేలకు మించి అమ్ముడైతే, తొలి హక్కుదారుగా ఉన్న చిత్రకారుడికి అందులో వాటా అడిగే హక్కును ఆ చట్టమే ఇచ్చింది. ఆ వాటా గరిష్ఠంగా 10 శాతం. అడగాలంటే బొమ్మ నాదేనని చూపించే కాగితం ఉండాలి కదా.

పొదుపు సంగతి. మా ఇంట్లో అందరూ చిట్టీలు కట్టేవాళ్లే. నన్నూ చేరమన్నారు. నెలనెలా తప్పకుండా కట్టాల్సిన వాయిదా నాలాంటి ఆదాయానికి పొసగదు, అందుకే వద్దనుకున్నాను. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్) నాకు సరిపోయింది. ఏడాదిలో 500 నుంచి లక్షన్నర దాకా ఎప్పుడు ఎంత వీలైతే అంత వెయ్యొచ్చు. కన్నడ పుస్తకం డబ్బు అందులోకే వెళ్లింది. పదిహేనేళ్ల దాకా పూర్తిగా చేతికి రాదు, కాబట్టి దానికన్నా ముందు ఆరు నెలల ఖర్చు మామూలు పొదుపు ఖాతాలో ఉంచాను. ప్రచురణ సంస్థలు పారితోషికంలో 10 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోస్తే, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకుంటాను. పన్ను కట్టేంత ఆదాయం లేనప్పుడు కూడా ఏటా రిటర్ను వేశాను, ఎందుకంటే జీతం చీటీ లేనివాళ్లకు బ్యాంకు ముందు చూపించడానికి ఉండే కాగితం అదే.

స్కాలర్‌షిప్పులకు అందరూ దరఖాస్తు చెయ్యాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు రెండేళ్ల పాటు నెలకు 5 వేలు, ఆ వయసు దాటితే 40 దాకా జూనియర్ ఫెలోషిప్ కింద నెలకు 10 వేలు ఇస్తుంది. డబ్బు నెలనెలా రాదు, ఆరు నెలలకోసారి విడతలుగా వస్తుంది. అందుకే అదీ బొమ్మ ఖాతాకే చెందాలి.

ఈమధ్య నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న ఒక అమ్మాయి డిగ్రీ అయ్యాక వచ్చింది. గచ్చిబౌలిలో వీడియో గేములు చేసే కంపెనీలో 35 వేల ఉద్యోగం దొరికిందట. చేరాలా, నాలాగే బడి చూసుకోవాలా అని అడిగింది. ఆమె చదువు కోసం ఇంట్లో బంగారం తాకట్టులో ఉంది. ఉద్యోగంలో చేరమ్మా అన్నాను. తాకట్టు విడిపించేదాకా జీతం ఇంటికే ఇవ్వమని, నెలకు 3 వేలు మాత్రం బొమ్మ ఖాతాలో వెయ్యమన్నాను. నియామక పత్రం తెప్పించి ఇద్దరం కూర్చుని చదివాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆమె గీసే ప్రతి బొమ్మా కంపెనీదేనని అందులో ఉంది. ఆఫీసు పనిగా గీసింది వాళ్లది కావడం న్యాయమే. ఇంట్లో, సొంత సమయంలో, సొంత రంగులతో వేసుకున్నది ఆమెదేనని ఒక వాక్యం చేర్చమని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టించాను. వారం తర్వాత సవరించిన పత్రం వచ్చింది. అందులో ఆ వాక్యం చూసుకున్నాకే సంతకం పెట్టింది.