నిలబడటం వచ్చింది, దిగడం రాలేదు

రా చెల్లె, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చో. బీడీ ఆకు ఇంకా నానుతోంది. అది మెత్తబడే దాకా నాలుగు ముచ్చట్లు చెప్పుకుందాం.

షోలాపూర్‌లో మా విడీ ఘర్కుల్ ఇదే. మరాఠీలో విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు. తెలంగాణ నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీలం. మగవాళ్లు పవర్‌లూమ్ మీద, ఆడవాళ్లం బీడీల మీద బతుకుతున్నాం. ఇంటి కోసం బీడీ ఆడవాళ్లు ఏళ్ల తరబడి మోర్చాలు తీశారు. కుంభారి దగ్గర 10,000 ఇళ్ల గోదూతాయి పరుళేకర్ కాలనీ 2006లో అట్లా వచ్చిందే.

నిన్న పక్కింటి కోడలు ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. "అత్తా, మొన్నటి దాకా తెల్లవార్లూ పడుకున్నోడు ఇప్పుడు రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నాడు. దిష్టి తగిలిందా?" అంది. పిల్లాడికి తొమ్మిదో నెల. వారం నుంచి దోగాడుతున్నాడట, గోడ పట్టుకుని లేస్తున్నాడట. దిష్టి కాదమ్మా, ఒంటికి కొత్త పని వచ్చింది అన్నాను.

బీడీ చుట్టడం నేర్చుకున్న కొత్తలో నిద్రలో కూడా నా వేళ్లు కదిలేవి. బిడ్డ సంగతీ అంతే. ఇజ్రాయెల్‌లో హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన అనత్ షేర్ పసిపిల్లల నిద్రను గమనించారు. దోగాడటం మొదలైన రోజుల్లో రాత్రి మెలకువలు పెరిగాయి, కొన్నాళ్లకు మళ్లీ సర్దుకున్నాయి. దోగాడటం 5.2 నుంచి 13.5 నెలల మధ్య, సొంత నడక 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పింది. అందుకే వేరే పిల్లలతో పోల్చుకుని బెంగపడొద్దు.

అసలు చిక్కు ఎక్కడుందో చూడు. బిడ్డకు నిలబడటం వచ్చింది, దిగడం రాలేదు. సగం నిద్రలో లేచి గోడ పట్టుకుంటాడు. ఆపైన ఎట్లా కూర్చోవాలో తెలియక ఏడుస్తాడు. ఆ పాఠం పగలే చెప్పాలి. నిలబడ్డ బిడ్డ ముందు గిన్నో గరిటో నేల మీద పెట్టు. దానికోసం వంగుతుంటే నడుము పట్టుకుని, మోకాళ్లు మెల్లగా మడిచి కూర్చోబెట్టు. రోజూ ఆటలాగా చేయిస్తుంటే మెల్లగా తనంతట తానే దిగడం అలవాటవుతుంది. పగలు నేల మీద బాగా తిరగనిస్తే రాత్రి ఆ తహతహ కాస్త తగ్గొచ్చు.

నేల మీదికి వదిలే ముందు మాత్రం ఆకు, కత్తెర, తంబాకు చేట అటక ఎక్కాలి. చిటికెడు తంబాకు నోట్లో పడినా బిడ్డకు విషమే. పడిందంటే క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తు. చేతుల మీద లేచే బిడ్డను చీర తొట్టెలలో ఒంటరిగా వదలొద్దు, దొర్లి కింద పడతాడు. గట్టి పరుపు నేల మీదే వెయ్యి. షోలాపూర్ చద్దరు మా ఊరి గొప్పే, కానీ ఏడాది లోపు బిడ్డ మీద ఆ బరువు కప్పొద్దు.

రాత్రి లేస్తే పెద్ద దీపం వెయ్యకు, మాటలు పెంచకు. మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేసి, రోజూ అనే ఆ ఒక్క మాటే అను. మళ్లీ లేచినా అదే చెయ్యి, అదే మాట. రెండో షిఫ్టు దిగి వచ్చిన తండ్రికి నిలబడ్డ బిడ్డ ముద్దొస్తాడు, ఎత్తుకుని ఆడించాలనిపిస్తుంది. ఆ ఆట పొద్దుటికి దాచమను. నిద్రమందులు, నాటు మత్తుమందులు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. జ్వరం వచ్చినా, పాలు మానినా, చెవి పట్టుకుని ఏడ్చినా, వచ్చిన విద్య పోయినా డాక్టరుకు చూపించు.

ఈ గోడల కోసమే ఆ రోజుల్లో ఆడవాళ్లు ఎండలో నడిచారు. ఇవాళ మా పక్కింటి పిల్లాడు లేచి నిలబడింది ఈ గోడ పట్టుకునే.

ఇదిగో, ఆకు మెత్తబడింది. ముందు నువ్వు బిడ్డను ఎత్తుకో చెల్లె. అప్పుడే నేను తంబాకు చేట దించుతాను.