వాడకపోయినా మోయవలసిన మూట

పిల్లలూ! అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో వాషింగ్టన్ శిఖరం ఉన్నది. దాని ఎత్తు 1,917 మీటర్లు. మన హిమాలయాల ముందు అది పిల్లకొండే. ఉదయం బయలుదేరి ఎక్కినవాళ్ళు సాయంత్రానికి దిగి రావచ్చు. అయినా ఆ కొండ మీద ఎండాకాలంలో కూడా మనుషులు చలికి చనిపోయారు!

ఎందుచేతనో తెలుసా? వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. దానికి తోడు గాలి. 1934 ఏప్రిల్ 12న శిఖరం మీద గాలి గంటకు 372 కిలోమీటర్ల వేగంతో వీచింది. 1996లో ఆస్ట్రేలియా తుఫానులో అంతకు మించిన గాలి వీచేదాకా అదే ప్రపంచ రికార్డు. కొండ మీద కొంత ఎత్తుకు పోయాక చెట్లు ఉండవు. చాటు దొరకదు. వాతావరణం బాగా లేకపోతే వెనక్కు తిరగమని దారిలో బోర్డులు పెట్టారు.

నడిచేటప్పుడు మన శరీరం మండే పొయ్యి వంటిది, చలి తెలియదు. కాని కాలు మడతబడి కూర్చుండిపోతే? పొయ్యి ఆరినట్టే. చెమటతో తడిసిన చొక్కా ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. అందుచేత మూట కట్టేటప్పుడు, "నడవటానికి ఏం కావాలి?" అనుకుంటే చాలదు. "కదలకుండా ఒక రాత్రి గడపటానికి ఏం కావాలి?" అని కూడా అనుకోవాలి.

నూలుబట్ట తడిస్తే వెచ్చదనం ఇవ్వదు, త్వరగా ఆరదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది. కనక ఉన్ని స్వెట్టరు, చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు, పొడి మేజోళ్ళు పెట్టుకోవాలి. వానకు, గాలికి అడ్డంగా రెయిన్‌కోటు ఉండాలి. ఇవన్నీ తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టాలి.

ఇక ఇల్లు! మనిషి దూరగలంత పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి మడిచి పెట్టుకుంటే అదే ఇల్లు. అందులో దూరి, ముఖం మాత్రం బయట పెట్టాలి. తల లోపల పెడితే ఊపిరాడదు, జాగ్రత్త! నేల చలి తగలకుండా ఖాళీ అయిన మూటసంచీని కింద వేసుకుని కూర్చోవాలి. వణుకు పుట్టాక కాదు, ఆగిన వెంటనే స్వెట్టరు వేసుకోవాలి.

వందసార్లు కొండెక్కితే తొంభైతొమ్మిదిసార్లు ఆ మూట విప్పకుండానే ఇంటికి రావచ్చు. దండగ మోత అని విసుక్కోకండి. మిగిలిన ఆ ఒక్కసారి ఎప్పుడు వస్తుందో కొండ ముందుగా చెప్పదు.