పొందిక

ఇల్లు కట్టడానికి ఒక్క పటం చాలదు. గదుల అమరికకు ఒకటి, కరెంటు తీగలకు మరొకటి, నీటి గొట్టాలకు వేరొకటి కావాలి. ఇల్లు ఒక్కటే, దానిని చూసే కోణాలు అనేకం. ఒక పటంలో గోడను రెండడుగులు జరిపి, తక్కిన వాటిని దిద్దడం మరచిపోతే, స్విచ్చుబోర్డు బిగించవలసిన చోట గోడే ఉండదు.

సాఫ్ట్‌వేర్ నిర్మాణమూ ఇటువంటిదే. దానిని ఐదు కోణాల నుంచి చిత్రించవచ్చునని 1995లో ఫిలిప్ క్రుక్టెన్ ప్రతిపాదించారు. వ్యవస్థ చేయవలసిన పనులు, ఏకకాలంలో సాగే ప్రక్రియలు, ప్రోగ్రాముల విభజన, అవి నడిచే యంత్రాలు - ఈ నాలుగింటికీ నాలుగు నమూనాలు. వినియోగ సందర్భాలను వివరించే ఐదవది వాటన్నిటినీ కలిపే దారం. వీటిలో ఏ ఒక్కటి మారినా తక్కినవాటిని సరిచూడక తప్పదు.

సరిచూడకపోతే ఏమవుతుంది? 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్టు తొలిసారిగా నింగికెగసింది. సుమారు 40 సెకన్లకే దారితప్పి ముక్కలైంది. దాని గమనాన్ని కొలిచే పరికరంలోని ప్రోగ్రాము ఏరియాన్-4 కోసం రాసినది. అందులో ఒక విలువకు కేటాయించిన 16 బిట్ల చోటులో 32,767కు మించిన సంఖ్య పట్టదు. పాత రాకెట్టుకు ఆ చోటు చాలింది. కొత్త రాకెట్టు అడ్డదిశలో మరింత త్వరగా వేగం పుంజుకోవడంతో సంఖ్య హద్దు దాటింది, పరికరం ఆగిపోయింది. తోడుగా అమర్చిన రెండవ పరికరంలోనూ అదే ప్రోగ్రాము! రాకెట్టు పథం మారినా, ఆ పరికరానికి రాసుకున్న నిర్దేశాలలో కొత్త పథం వివరాలు చేరలేదని విచారణలో తేలింది. నాలుగు ఉపగ్రహాలు నాశనమయ్యాయి. వాటి స్థానంలో మరో నాలుగింటిని 2000లో గాని పంపలేకపోయారు.

గడువు ముంచుకొచ్చినప్పుడు ప్రోగ్రామును దిద్ది, పటాన్ని రేపటికి వాయిదా వేయడం మానవ సహజం. ఆ రేపు తరచుగా రాదు. పటమే లేకపోతే కొత్తగా చేరిన ఇంజనీరు పదిమందినీ అడిగి తెలుసుకుంటాడు. పాతబడిన పటం ఉంటే దానిని నమ్మి మోసపోతాడు. అందుకే ఏ భాగం దేనిపై ఆధారపడిందో ముందే రాసి ఉంచాలి. మార్పుతో పాటు దాని కారణాన్నీ నమోదు చేయాలి. పేర్లు, లంకెలు కలిశాయో లేదో కంప్యూటరు సరిచూడగలదు. కాని నిన్నటి ఊహ నేటికీ చెల్లుతుందా అన్న ప్రశ్న మనిషే వేసుకోవాలి.

మార్పు దోషం కాదు. అది ఎదుగుదలకు గుర్తు. ఒకచోట జరిగిన మార్పును తక్కిన చోట్లకు చేరవేయకపోవడమే దోషం.