కొండవీటి మీద ఒక పూట

బెల్జియంలో వుంటున్న పాత విద్యార్థి ఒకడు బ్రూజ్ పట్నం నుంచి ఫోటో పంపాడు. ఫ్లాండర్స్‌లోని చిన్న వూరది. ఒకప్పుడు వున్ని బట్టల వర్తకంతో వెలిగి, సముద్రపు పాయ పూడిపోయాక చల్లబడింది. సంతపేట నడుమ రెండు విగ్రహాలున్నాయి. ఒకటి పీటర్ డె కోనింక్ అనే నేతగాడిది, రెండోది యాన్ బ్రైడెల్ అనే కసాయిది. 1302లో ఫ్రెంచి రాజు మీద వూరు తిరగబడినప్పుడు ముందు నిలిచినవాళ్ళని ప్రతీతి. "మనవైపు యిలాంటి వూరుందా మాస్టారూ?" అని రాశాడు.

లేకేం! చిలకలూరిపేటలో మా డాబా యెక్కితే కొండవీటి కొండలు కనిపిస్తాయి. అయిదారుసార్లు వెళ్ళినవాణ్ణే. కాని ప్రతిసారీ రాజులను మాత్రమే చూసి దిగివచ్చాను. ఈసారి యిద్దరు కుర్రాళ్ళను వెంటబెట్టుకు వెళ్ళాను. వాళ్ళలో ఒకడి తండ్రి యడ్లపాడు వైపు కౌలుకు మిరప వేస్తాడు.

ఘాట్ రోడ్డు మాని కాలిదారినే యెక్కాం. పైన చెరువు గట్టున కూచోగానే, అలవాటు గదా, పాఠం అందుకున్నాను: కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు, సుగంధద్రవ్యాలు తెప్పించిన అవచి తిప్పయసెట్టి, ఆయనకు 'హరవిలాసం' అంకితమిచ్చిన శ్రీనాథుడు, సింహళం యేనుగులు, హురుమంజి గుర్రాలు. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు 1358లో అనపోతారెడ్డి సుంకాల్లో రాయితీలిచ్చి శాసనం వేయించాడని కూడా చెప్పాను.

"వర్తకులకు తగ్గించారు సరే, యెవరికి పెంచారు సార్?" అన్నాడు కౌలుదారు కొడుకు.

యిన్నేళ్ళ నా పాఠంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. అప్పుడు పురిటిసుంకం కథ చెప్పాను. 1424తో యేలుబడి ముగిసిన రాచవేముడు పుట్టిన ప్రతి బిడ్డకూ పన్ను కట్టమన్నాడనీ, సవరం యెల్లయ్య ఆయన్ను కత్తితో పొడిచి చంపాడనీ జనం చెప్పుకునే కథ. శాసనం కాదు గనక క్లాసులో నేను దాన్ని నవ్వులాటగా దాటవేస్తూ వచ్చాను. వర్తకులకిచ్చిన రాయితీ రాతిమీద నిలిచింది. బాలింత గుమ్మం ముందు అడిగిన పన్ను నోటిమాటగా మిగిలింది. రాయిని నమ్మి నోటిని తోసిపుచ్చడం పండితులకు సులువు, నాకూ సులువుగానే వుండేది.

శ్రీనాథుడి సంగతీ అంతే. విద్యాధికారిగా ఆయన వైభవం గంటసేపు చెబుతాను. రెడ్డిరాజ్యం పోయాక బొడ్డుపల్లెను గుత్తకు పట్టి, పంట కృష్ణ పాలై, యేడువందల టంకాలు కట్టలేక నడివీధి యెండలో రాయి మోశాడని చాటువులు చెబుతున్నాయి. దాన్ని 'కవి కష్టాలు' అనే ఒక్క ముక్కలో తేల్చేస్తాను. కౌలు చెల్లించలేని రైతు కష్టమది అని యే తరగతిలోనూ అనలేదు.

కుర్రాడు కింద మిరప చేలవైపే చూస్తున్నాడు. "వరదొచ్చిన ఆ యేడైనా గుత్త తగ్గించలేదా సార్?"

తగ్గించలేదన్నాను. పొద్దు వాలుతోంది. దిగడం మొదలుపెట్టాం.