బెల్టు పెట్టుకునేలోపే ఊరొచ్చేస్తుంది!

విమానం ఎక్కి, కిటికీలోంచి సముద్రాన్ని ఇలా చూశారో లేదో... అలా దిగిపోవాల్సిందే! స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి వెళ్లే విమానం సంగతిది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. మన శంషాబాద్ రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు! టైమ్‌టేబుల్ ప్రకారం ప్రయాణం రెండు నిమిషాలు. గాలి అనుకూలిస్తే నిమిషం చాలు. రికార్డు 53 సెకన్లు. రోజువారీ విమాన సర్వీసుల్లో ప్రపంచంలోనే అతి చిన్నది ఇదే.

లోగన్‌ఎయిర్ సంస్థ 1967లో దీన్ని మొదలుపెట్టింది. విమానమూ బుల్లిదే, ఎనిమిది మందికే చోటు. ఒకరు పైలట్ పక్కన కూర్చోవచ్చు కూడా.

పడవలుండగా ఇంత కొద్ది దూరానికి విమానమెందుకంటారా? పాపా వెస్ట్రేలో ఉండేది వంద మందిలోపే. పెద్దాసుపత్రి ఉన్నదేమో ముఖ్యపట్టణం కర్క్‌వాల్‌లో. చలికాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. కర్క్‌వాల్ నుంచి దీవుల్ని కలుపుతూ తిరిగే ఈ విమానంలోనే టీచర్లు, వైద్యులు వస్తారు, రోగులు వెళ్తారు. పర్యటకులకి అదో సరదా రికార్డు. దీవి వాళ్లకి మాత్రం... అదే ఊరి బస్సు, అదే ఆసుపత్రికి దారి!