కాళహస్తిలో కాఫీ గాలి

శ్రీకాళహస్తికి వచ్చేవాళ్ళంతా వాయులింగాన్ని చూడటానికే వస్తారు. గాలి చొరబడని గర్భగుడిలో దీపం రెపరెపలాడటం చూసి చేతులు జోడిస్తారు. ఆ గాలి సంగతి లోకానికంతా తెలుసు. మా ఊళ్ళో ఇంకొక గాలి ఉంది. ఉదయం పది గంటల వేళ ఒక సందులోనుంచి బయలుదేరి, దారిన పోయేవాణ్ణి ముక్కు పట్టుకుని లాక్కుపోతుంది. అది కాఫీగింజలు వేయించే అంగడి గాలి!

మొన్న రెండో శనివారం కాలేజీకి సెలవు. దిద్దవలసిన పేపర్లు బల్లమీద గుట్టగా ఉన్నాయి. వాటి ముఖం చూడలేక సంచీ పుచ్చుకుని బయటపడ్డాను. అమ్మ పోయిన ఈ రెండేళ్ళుగా మా యింట్లో ప్యాకెట్టు పొడే. ఆ అంగడికి వెళ్ళడం అమ్మ పని. ఆమెతోపాటే అదీ పోయింది.

రాయలవారు 1516లో కట్టించిన గాలిగోపురం 2010లో కూలి, 2017 నాటికి మళ్ళీ లేచి నిలబడింది. ఈ అంగడి మాత్రం నేను చిన్నప్పుడు చూసినట్లే ఉంది. గోడవార గోనెబస్తాలు, త్రాసు, మర, లోపల నిప్పులమీద తిరిగే ఇనప పీపా. బేరాల రద్దీ లేదు.

"ఏం నాయనా, బాగుండావా? కూర్చో, ఈ వాయి దించేసి వస్తా" అన్నాడు పెద్దాయన.

కూర్చుని చూశాను. పచ్చిగింజకు కాఫీ వాసనే ఉండదు సుమండీ! ఎండుగడ్డి వాసన. సెగ తగిలేకొద్దీ పసుపుపచ్చనై, గోధుమరంగు తిరిగి, చిటపటలాడుతుంది. ఆ చప్పుడు మొదలైతే ఇక చూపు తిప్పకూడదు. కాస్త ఏమరితే మాడే! కిలో గింజలు వేయిస్తే చేతికి దక్కేది సుమారు 850 గ్రాములు. తక్కింది చాలావరకు ఆవిరి.

బాబా బుడన్ 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు గింజలు చిక్కమగళూరు కొండలకు తెచ్చాడని చెబుతారు. ఇప్పుడు మన అరకు కొండల్లోనూ కాఫీ పండుతోంది. పండులో మామూలుగా రెండు గింజలుంటాయి. ఒక్కటే గుండ్రంగా ఎదిగితే అది పీబెర్రీ. చికోరీ మాత్రం కాఫీకి చుట్టమైనా కాదు, వేరే ఏదో మొక్క వేరు. దాన్ని వేయించి, పొడిచేసి కలిపితే డికాషన్ నల్లగా, చిక్కగా దిగుతుంది. పైగా ధర తక్కువ.

ఈ ధర మాట వచ్చేసరికి పెద్దాయన నవ్వాడు.

"ఆ లెక్క మీయమ్మకు బాగా తెలుసు నాయనా. నెల మొదట్లో నూటికి 20 పాళ్ళు చికోరీ. ఇరవయ్యో తేదీ దాటితే 40 కలపమనేది. పిల్లోళ్ళకు చెప్పొద్దనేది."

నేను తెల్లబోయాను. నాన్న బడిపంతులు. నెలాఖరు కాఫీ చేదుగా ఉందని మేము ముగ్గురు పిల్లలం వంకలు పెట్టేవాళ్ళం. "ఫిల్టరు సరిగా కడగలేదేమో" అని నేనే ఎన్నిసార్లు అన్నానో! "అవును నాయనా, మరిచిపోయా" అనేది అమ్మ. అంతకుమించి ఒక్కనాడూ ఒక్కమాట అనలేదు.

"నీకెట్లా కలిపేది?" అన్నాడాయన త్రాసు అందుకుంటూ.

"నెలాఖరుదే కలపండి" అన్నాను.

ఆయన మారుమాట్లాడకుండా తూచి, మర ఆడించి, వెచ్చటి పొట్లం నా చేతిలో పెట్టాడు.

ఈ వారమంతా మా యింట్లో కాఫీ కాస్త చేదుగానే ఉంది. మా అబ్బాయి వంకపెట్టబోయాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాయనమ్మ సంగతి చెప్పాను. వాడు గ్లాసు ఖాళీ చేసి లేచాడు.