లంకెల ఇచ్చిపుచ్చుకోవడాలు

ఇటు వచ్చి చాలా రోజులైంది. ఈ ఉదయం ఉత్తరాల పెట్టె తెరిచి చెత్త ఏరివేస్తుండగా ఒక పాత సంగతి మనసులో మెదిలింది. మీతో చెప్పుకుంటే తప్ప కుదుటపడేలా లేదు.

ఉద్యోగంలో ఉండగానే, 2007లో, పిల్లలకోసం ఛందస్సు మీద చిన్న వెబ్‌సైటు ఒకటి పెట్టుకున్నాను. గురులఘువుల గుర్తింపు, గణవిభజన, ఉత్పలమాల మొదలు సీసం దాకా పద్యలక్షణాలు, చివర కొన్ని అభ్యాసాలు. అంతే దాని సరుకు. లేఖినిలో ఒక్కొక్క అక్షరమే కూర్చుకుంటూ పది పుటలు నింపేసరికి వేసవి సెలవులు కరిగిపోయాయి. మా అబ్బాయి సలహా మీద ప్రతి పుటకూ ఇంగ్లీషులో కూడా ఒక శీర్షిక తగిలించాను. ఛందస్సును ఆ భాషలో మీటర్ అంటారు గదా! నేనూ ‘తెలుగు మీటర్’ అనే పెట్టాను. తంటా అంతా ఆ మాటతో వచ్చింది.

నెల తిరగకుండానే ఇంగ్లీషులో ఒక ఉత్తరం. “మీ వెబ్‌సైటు చూశాము. ఎంతో ఉపయోగకరంగా ఉంది. మన ఇద్దరి విషయమూ ఒకటే కనుక మీరు మాకు లంకె వేయండి, మేము మీకు వేస్తాము” అని దాని సారాంశం. పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నా, తనిఖీకి వచ్చిన అధికారి నోటివెంట కూడా ‘బాగుంది’ అన్న మాట వినని వాణ్ణి. నా సంతోషాన్ని మీరే ఊహించుకోండి. నిఘంటువు ముందు పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చుని సమాధానం రాశాను. తమరు ఏ భాషాచ్ఛందస్సు మీద కృషి చేస్తున్నారు, మాత్రాగణాల విషయంలో తమ అభిప్రాయమేమిటి అని వినయంగా అడిగాను. మూడవనాడు బదులు వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా అదే మొదటి ఉత్తరం!

మా అబ్బాయి వాళ్ళ వెబ్‌సైటు తెరిచి చూసి పొట్ట పట్టుకున్నాడు. వాళ్ళు కుళాయి నీళ్ళు కొలిచే మీటర్లు అమ్ముతారట. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. “పోనీలెండి, వాళ్ళూ కొలతలవాళ్ళేగా!” అంది.

అలంకారశాస్త్రం చదువుకున్నవారికి సైంధవం ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. భోజనం చేస్తూ సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి బయలుదేరుతూ తెమ్మంటే గుర్రం తేవాలి. సందర్భం ఎరగనివాడు విస్తరి ముందుకు గుర్రాన్ని తోలుకొస్తాడు. ఈ ఉత్తరాలు రాసేది మనిషి కాదనీ, మాటను పట్టుకుని అర్థాన్ని వదిలేసే యంత్రమనీ నాకు అప్పుడు తెలిసింది. ఆ తరవాత వరస కట్టాయి. ఉత్పలమాలకు ‘కలువల దండ’ అని ఇంగ్లీషులో అర్థం రాసిన పాపానికి ఎక్కడిదో పూల దుకాణం రాసింది. శార్దూలాన్నీ మత్తేభాన్నీ చూసి అడవి యాత్రలవాళ్ళు వచ్చారు. కందపద్యానికి మాత్రం కూరగాయలవాడెవడూ రాలేదు.

అసలు వీళ్ళకు నా లంకె ఎందుకు అన్న సందేహం తీరడానికి కొంతకాలం పట్టింది. 1998లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పేజ్‌ర్యాంక్ అనే పద్ధతిని వివరించారు. ఒక పుటకు ఎన్ని పుటలు లంకె వేశాయి, ఆ వేసినవాటి పరువెంత అన్నది లెక్కగట్టి, వెతికేవాడికి ఏది ముందు చూపాలో తేల్చడం ఆ పద్ధతి. లాక్షణికులు ఏ కవి ప్రయోగాలను ఎక్కువగా ఉదాహరిస్తారో ఆ కవికి ప్రామాణికత హెచ్చినట్టే. ఆలోచన మంచిదే. కాని సాక్ష్యానికి విలువ ఉందని తెలిశాక దొంగసాక్షులు బయలుదేరకుండా ఉంటారా? 2005లో, లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే ‘నోఫాలో’ గుర్తు వచ్చింది. 2012లో గూగుల్ ‘పెంగ్విన్’ అన్న సవరణ తెచ్చి, కూడబలుక్కుని లంకెలు వేసుకున్నవారిని వెనక్కు నెట్టింది. నువ్వు నాకు, నేను నీకు అని మితిమీరి వేసుకునే లంకెలు ఈనాటికీ దాని నిషేధాలలోనే ఉన్నాయి. అయినా ఉత్తరాలు ఆగలేదు, వేషం మార్చాయంతే. మీరు మా మొదటి ఇంటికి వేయండి, మా రెండవ ఇంటినుంచి మీకు వేస్తాం అంటారు. మీకు ఉచితంగా వ్యాసం రాసిపెడతాం అంటారు. మీ పుటలో ఒక లంకె చచ్చిపోయింది, దాని చోట మాది పెట్టండి అని పరామర్శకు కూడా వస్తారు.

నేనూ ఒకసారి మోసపోయాను. 2008లో పిల్లల కథల వెబ్‌సైటు ఒకటి అడిగితే, చూడటానికి పద్ధతిగానే ఉందని ‘చూడదగినవి’ అన్న శీర్షిక కింద చేర్చాను. రెండేళ్ళ తరవాత పక్క ఊరి ప్రధానోపాధ్యాయుడు ఫోను చేశాడు. “మాస్టారూ, మీ అభ్యాసాలు చేస్తూ మా పిల్లలు పేకాట క్లబ్బులో తేలారండీ!” కథలవాళ్ళు ఆ పేరును మళ్ళీ కట్టి నిలుపుకోలేదు, జూదగాళ్ళు దాన్ని కొనుక్కున్నారు. సర్వీసులో ఎన్ని ప్రవర్తనా పత్రాలు రాసిచ్చానో లెక్కలేదు. ఏ ఒక్కటీ పిల్లవాడి మొహం చూడకుండా రాయలేదు. ఈ ఒక్కదానికి, ఇచ్చాక మళ్ళీ మొహం చూడలేదు. ఆ రాత్రే తీసివేశాను.

ఇక విసుగెత్తి మా అబ్బాయి చేత జీమెయిల్‌లో ఒక నియమం పెట్టించాను. లంకెల మార్పిడి అన్న ఇంగ్లీషు మాట ఏ ఉత్తరంలో కనిపించినా నా కంట పడకుండా నేరుగా చెత్తబుట్టలోకి పోవాలి. అక్కడ 30 రోజులుండి అదే మాసిపోతుంది. ఏళ్ళ తరబడి హాయిగా ఉన్నాను.

2019లో తెనాలిలో ఒక పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర ఒకమ్మాయి వచ్చి పాదాలకు నమస్కరించింది. నా దగ్గర పదవ తరగతి చదివిన పిల్ల. పుణేలో ఉద్యోగమట. మాటల మధ్య తటపటాయిస్తూ, “మాస్టారూ, రెండేళ్ళ కిందట మీకొక ఉత్తరం రాశాను. చూశారా?” అంది. చూడలేదమ్మా అన్నాను. వాళ్ళ అమ్మమ్మ పాడే దంపుడు పాటలు రాసుకుని ఒక పుట పెట్టిందట. ఆఫీసు కంప్యూటర్‌లో తెలుగు లేక ఉత్తరం ఇంగ్లీషులో రాసింది. మాస్టారి పుటకూ తన పుటకూ లంకె ఉంటే బాగుంటుందని ముచ్చటపడి, అందరూ వాడే మాటే గదా అని శీర్షికలో ఆ మాటే పెట్టింది! పాటల్లో తనకు తెలియని మాటలకు అర్థాలు కూడా అడిగిందట.

“మీకు తీరిక లేదేమో అనుకున్నాను మాస్టారూ. మళ్ళీ రాస్తే బాగుండదని ఊరుకున్నాను. పదకొండు పాటల దగ్గర ఆపేశాను.”

అమ్మమ్మ ఎలా ఉన్నారమ్మా అని అడిగాను. పోయిన సంక్రాంతికి ముందు పోయిందట. నా విస్తట్లో ఏమి వడ్డించారో, ఏమి తిన్నానో గుర్తులేదు. నీళ్ళ మీటర్లవాణ్ణి తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నానో మాత్రం గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చి ఆ నియమం తీయించాను. ఇప్పుడు రోజూ ఉదయం కాఫీ అయ్యాక ఒక్కొక్క ఉత్తరమూ చివరి వాక్యం దాకా చదివి, నా చేత్తోనే చెత్తబుట్టలో వేస్తాను. అరగంట పడుతుంది. మా ఆవిడ వారానికోసారైనా గొణుగుతుంది. ‘చూడదగినవి’ కింద ఇప్పుడు ఆ అమ్మాయి పుట ఉంది, నెలకోసారి తెరిచి చూస్తాను. ఇద్దరం కలిసి ఆ పాటల్లోని మాటలకు అర్థాలు రాశాం. ఏడవ పాట రెండవ చరణంలో ఒక్క మాట మాత్రం ఏ నిఘంటువులోనూ దొరకలేదు. రోకలిలో ఏ భాగానికో పేరు కావచ్చునని నా ఊహ. చెప్పగలిగిన మనిషి లేదు.

మీ ఇళ్ళలో దంపుడు పాటలు తెలిసిన పెద్దలెవరైనా ఉంటే, ఆ పుట ఒకసారి వారికి వినిపించి నాకు రాయగలరు. ఉత్తరం ఏ భాషలో ఉన్నా, శీర్షిక ఏదైనా ఫరవాలేదు.